అనుమానానికీ ఒక వరస

అనుమానం పెనుభూతం అంటారు. కాపురాలు కూల్చేది అదేనని, స్నేహాలు విరిచేది అదేనని చిన్నప్పట్నుంచీ విని విని, అనుమానించడమే ఒక దుర్గుణమన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. దానివల్ల మనకు గుడ్డిగా నమ్మడం వచ్చు, బొత్తిగా నమ్మకపోవడమూ వచ్చు. పద్ధతిగా అనుమానించడం మాత్రం రాదు. తలనొప్పి రెండు రోజులు తగ్గకపోతే మెదడులో గడ్డేమో అనుకుంటాం. నిద్ర చాలలేదేమో, కళ్ళజోడు మార్చే వేళయిందేమో అన్నవి ఆ తర్వాతెప్పుడో తోస్తాయి. భయం ఎటు లాక్కుపోతే అనుమానం అటు పోతుంది.

అనుమానాన్ని భయం చేతిలోంచి తప్పించి తమ చేతిలో పెట్టుకున్నవాళ్ళూ లేకపోలేదు. మంచి వైద్యులు, మంచి లెక్కల మాస్టర్లు, పాత బండ్లు బాగుచేసే మేస్త్రీలు ఆ కోవలోవాళ్ళు. ఈ మూడో రకం మనిషి ఒకాయన మా చిన్నాయన ట్రాక్టరు పక్కన కూర్చుని అనుమానించిన తీరు చూశాక, అది నేర్చుకోదగిన విద్య అనిపించింది.

తిరుచానూరు అంటే లోకానికి పద్మావతమ్మ గుడి, పద్మ పుష్కరిణి, కార్తీక బ్రహ్మోత్సవాల్లో పంచమీ తీర్థం నాడు కోనేటి మునకకు కిక్కిరిసే జనం. ఆ సందడికి అవతల, స్వర్ణముఖి దిక్కున, యోగిమల్లవరం వైపున, బావుల కింద వరీ చెరకూ, మెట్టన చెనక్కాయా పండించిన ఊరు కూడా అదే. తిరుపతి పెరిగి పెరిగి ఊరిని ఆనుకున్నాక మళ్ళ గట్లు పోయి వెంచర్ల రాళ్ళు లేచాయి. చిన్నాయనకు సేద్యమంటూ మిగిలింది కొద్దిపాటి మెట్ట చేను, రంగు వెలిసిన ఎర్ర ట్రాక్టరు.

ఆ ఏడు వాన బాగానే పడింది. చెనక్కాయ వేసే రైతుకు వాన ఒక ఎత్తు, వాన తర్వాతి పదును ఒక ఎత్తు. తడి ఎక్కువైతే మట్టి కర్రుకు అంటుకుంటుంది, ఆరిపోతే పెళ్ళలు లేస్తాయి. నడుమ దొరికే నాలుగు రోజుల్లోనే దుక్కీ విత్తూ ముగియాలి. సరిగ్గా ఆ పదునులో చిన్నాయన తొమ్మిది కర్రుల గొర్రు తగిలించి, చేనికి పోదామని లిఫ్టు లివరు పైకి లాగాడు. గొర్రు నేల వదల్లేదు. దించి మళ్ళీ లాగాడు. ఊహూఁ.

ట్రాక్టరు చెడితే ఊళ్ళో చెయ్యి తిరిగినవాళ్ళకు కొదవుండదు. “పంపు పోయింది” అన్నాడు ఒకాయన. “పంపు కాదబ్బా, లోపల పిస్టను రింగులు అరిగిపోయినాయి, పైమూత ఊడదీయాల్సిందే” అన్నాడు ఇంకొకాయన. “కాలం తీరిన బండి, పాత ఇనుముకిచ్చేయ్” అని మూడో సలహా. ముగ్గురూ చెప్పింది మూడు వేర్వేరు జబ్బులే అయినా మూడింటికీ ఒక పోలిక ఉంది. అన్నీ ఖరీదైనవే, అన్నీ లోపలివే. ఊడదీస్తే తప్ప అవునో కాదో తేలేది వాటిలో ఒక్కటీ లేదు.

అసలు ట్రాక్టరుకు ఈ ఎత్తే చేతులు ఎందుకొచ్చాయో చూస్తే, అక్కడా కనిపించేది ఒక అనుమానమే. చిన్నాయన బండి లాంటి ట్రాక్టర్లకు మూలపురుషుడు హ్యారీ ఫెర్గూసన్. ఐర్లండులో 1884లో పుట్టిన రైతుబిడ్డ. మొదటి ప్రపంచ యుద్ధంలో తిండిగింజలకు కటకట వచ్చి, 1917లో అక్కడి వ్యవసాయ శాఖ ట్రాక్టర్ల పనితీరు చూసి మెరుగుపరచమని అతన్ని పురమాయించింది. అప్పట్లో ట్రాక్టరు వేరు, మడక వేరు. ఎద్దుల వెనక కట్టినట్టే ట్రాక్టరు వెనక మడకను తగిలించి ఈడ్చేవాళ్ళు. మడక రాతికి తగులుకుంటే చక్రాలు ఆగేవి గాని ఇంజను ఆగేది కాదు. ముందు చక్రాలు గాల్లోకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడేది. డ్రైవరు దాని కింద పడేవాడు.

ఫెర్గూసన్ ఏళ్ళ తరబడి ఈ చిక్కు మీదే కూర్చున్నాడు. కింద రెండు, పైన ఒకటి, మొత్తం మూడు కడ్డీలతో మడకను ట్రాక్టరు ఒంట్లో భాగం చేశాడు. ఎత్తే దించే పని నూనె ఒత్తిడికి అప్పగించాడు. పై కడ్డీకి ఇంకో పని కూడా పెట్టాడు. నేల గట్టిపడి మడక మీద భారం పెరిగితే పై కడ్డీ ముందుకు నొక్కుకుంటుంది. ఆ నొక్కుడు వాల్వుకు చేరి, చేతులు మడకను రవ్వంత పైకి తీస్తాయి. నేల మెత్తబడగానే మళ్ళీ దించుతాయి. డ్రాఫ్ట్ కంట్రోల్ అంటే ఇదే. అడుగడుగునా నేలను శంకిస్తూ, శంకకు తగినంత మాత్రమే తగ్గుతూ పోయే యంత్రం. అనుమానప్పక్షే గాని మోతాదు తెలిసిన పక్షి.

మనుషుల దగ్గర మాత్రం ఫెర్గూసన్‌కు ఈ మోతాదు కుదరలేదు. 1938లో అమెరికా వెళ్ళి హెన్రీ ఫోర్డుకు తన ట్రాక్టరు పని చూపించాడు. ఇద్దరూ కాగితం ముక్క లేకుండా చేయి కలిపి ఒప్పందం చేసుకున్నారు. మరుసటేడే ఆ పొత్తు మీద ఫోర్డు 9ఎన్ బయటికొచ్చింది; ఆ పొత్తు ట్రాక్టర్లు లక్షల్లో అమ్ముడుపోయాయి. కంపెనీ ఫోర్డు మనవడి చేతికి వచ్చాక ఆ చేతి ఒప్పందం చెల్లలేదు. ఫెర్గూసన్ కోర్టుకెక్కాడు. 1952లో 92.5 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మట్టిలో ప్రతి గడ్డనూ శంకించే యంత్రం చేసినవాడు మనుషుల మధ్య ఒక్క కాగితం అడగలేదు. కాస్త అనుమానం అక్కడ కూడా ఉండి ఉంటే ఇద్దరికీ మర్యాదగా ఉండేది. అనుమానం లేకపోవడం కూడా ఒక్కోసారి పెనుభూతమే.

1953లో ఫెర్గూసన్ వ్యాపారం కెనడాకు చెందిన మాసీ-హ్యారిస్‌తో కలిసింది. 1960లో మద్రాసులో టాఫే మొదలై ఆ వంశపు ట్రాక్టర్లు మన దేశంలో తయారవసాగాయి. మద్రాసు మాకు పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరే దూరమే. సామాన్లు కావాలన్నా, పని నేర్చుకోవాలన్నా ఆ దారే. చిన్నాయన ట్రాక్టరు పక్కన వచ్చి కూర్చున్న మేస్త్రి కూడా కుర్రతనంలో ఆ దారిన పోయి పని నేర్చుకొచ్చినవాడే.

వచ్చినవాడు సంచీ విప్పలేదు. ఒక రాయి మీద కూర్చుని అడిగాడు.

“అసలు లేచేదే లేదా అన్నా, లేచి నిలవలేదా?”

చిన్నాయన విసుక్కున్నాడు. “లేస్తే నిన్నెందుకు పిలుస్తాను మేస్త్రీ?”

“అట్ల కాదన్నా. లేవకపోవడం ఒక జబ్బు, నిలవకపోవడం ఇంకో జబ్బు.”

ఈ ఒక్క ప్రశ్నలో ఎంత పని జరిగిందో నెమ్మదిగా అర్థమైంది. “పనిచెయ్యలేదు” అన్నది ఫిర్యాదు. అందులో సమాచారం సున్న. చేతులు లేచి, ఇంజను ఆపగానే జారిపోతుంటే పంపు బాగున్నట్టే; సిలిండరు దగ్గరో, పైపు కీలు దగ్గరో ఏదో రబ్బరు రింగు నూనె వదిలేస్తోంది. ఉత్త చేతులు లేచి, గొర్రు తగిలిస్తే లేవకపోతే ఒత్తిడి చాలడం లేదు. రిలీఫ్ వాల్వు బలహీనపడిందేమో చూడాలి. ఎక్కిళ్ళు వచ్చినట్టు ఆగి ఆగి లేస్తే పంపు లోపలి చిన్న వాల్వుల్లో ఒకటి సరిగా మూసుకోవడం లేదు. అసలు కదలికే లేకపోతే నూనె లేదు, లేదా పంపు తిరగడం లేదు, లేదా నూనె పోయే దారి మూసుకుపోయింది. ఒక్క ప్రశ్నతో సగం మంది ముద్దాయిలు విడుదలైపోయారు. మంచి ప్రశ్న దొంగను పట్టే పనికి ముందే నిరపరాధుల్ని ఇళ్ళకు పంపిస్తుంది.

రెండో ప్రశ్న ఇంకా చిత్రమైంది. “లివరు లాగినప్పుడు ఇంజను గొంతు మారిందా?”

ఎవరూ గమనించలేదు. అందరి కళ్ళూ గొర్రు మీదున్నాయి గాని చెవులు ఇంజను మీద లేవు. మేస్త్రి లేచి బండి స్టార్టు చేసి, లివరు లాగి, తల పక్కకు వాల్చి విన్నాడు. మళ్ళీ దించి, మళ్ళీ లాగి విన్నాడు. పంపు బరువెత్తే ప్రయత్నమంటూ చేస్తే ఇంజను గొంతు కాస్త బొంగురుపోవాలి. ఇక్కడ అదే రాగం, అదే తాళం. “బరువు తగల్లేదు” అన్నాడు. అంటే పంపు ఒత్తిడి పుట్టించి ఓడిపోవడం లేదు. దానికి ఒత్తిడి పుట్టించే అవకాశమే రాలేదు.

తర్వాత వంగి పీటీఓ లివరు పట్టుకుని చూశాడు. ఈ బండ్లలో హైడ్రాలిక్ పంపును తిప్పేది, ఇంజను శక్తిని వెనక పనిముట్లకు అందించే పీటీఓ షాఫ్టే. ఆ లివరు న్యూట్రల్లో ఉంటే ఇంజను ఎంత అరిచినా పంపు కదలదు. “అంత మాత్రం తెలీదా నాకు?” అని చిన్నాయనకు కోపమొచ్చింది. లివరు పడే ఉంది, చిన్నాయన మాట నిజమే. మేస్త్రి తలూపి ఊరుకున్నాడు. చిన్నాయన మీద నమ్మకం లేక చూసిన చూపు కాదది. ఆ స్థానంలో ఎవరున్నా, తనే ఉన్నా, చూసి తీరాల్సిన చూపు. మన ఇళ్ళల్లో అనుమానం అవమానమయ్యేది ఇక్కడే. వరసలో భాగంగా అడిగిన ప్రశ్నను మన మీద వేసిన నిందగా తీసుకుంటాం.

ఆ తర్వాత నూనె. వెనక గేర్లూ డిఫరెన్షియలూ మునిగే నూనెలోనే పంపు కూడా మునిగి ఉంటుంది. అదే నూనెను పీల్చి సిలిండరులోకి తోస్తుంది. కొలత పుల్ల తీసి చూస్తే నూనె గీత దాకా ఉంది. గీతకు రవ్వంత పైనే ఉంది. “చూసినావా, నూనె ఉంది గదా, పంపే” అని వెనక నుంచి ఒక గొంతు. నేనైనా అక్కడితో నూనె సంగతి వదిలేసేవాణ్ణి. మేస్త్రి మాత్రం పుల్లను గుడ్డతో తుడవకుండా, చివరనున్న చుక్కను బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పెట్టి రాశాడు. వేళ్ళు విడదీసి ఎండకు పట్టాడు. తేనె రంగులో మెరవాల్సిన నూనె పాలెక్కువైన కాఫీలా ఉంది.

నీళ్ళు. గీతకు పైన కనబడింది నూనె కాదు, అడుగున చేరిన నీళ్ళు పైకి లేపిన నూనె. అనుమానానికి అసలు పరీక్ష జవాబు “బాగుంది” అని వచ్చినప్పుడే. ఏది బాగుంది అని ఇంకో అడుగు వేసేవాడే మేస్త్రి. కొలత బాగుంది, సరుకు బాగాలేదు. మార్కులున్నాయి, చదువు లేదు. హాజరు పట్టీ నిండింది, బడి ఖాళీ. గీతను చూసి తృప్తిపడే అలవాటు మనకు చాలాచోట్ల ఉంది.

నీళ్ళు ఎలా దిగాయో వెతకడానికి దూరం పోనక్కర్లేకపోయింది. గేరు రాడ్డు మొదట్లో ఉండే రబ్బరు తొడుగు ఎండకు పెళుసెక్కి చిరిగిపోయింది. కప్పు లేని చోట నిలిపిన బండి. కురిసిన ప్రతి వానా ఆ చిరుగులోంచి కొంచెం కొంచెం లోపలికి దిగింది.

అప్పటికి గాని సంచీలోంచి స్పానర్లు బయటికి రాలేదు. అడుగు బోల్టు విప్పితే ముందు నీళ్ళే వచ్చాయి, వెనక ఆ కాఫీ రంగు నూనె, ఆఖర్న గసి. పక్క మూత విప్పాడు. పంపు నూనె పీల్చే చోటున్న జల్లెడ బురదతో పూడిపోయింది. ఈ బండ్లలో నూనె దారిని నడిపే వాల్వు పంపు పీల్చే వైపున ఉంటుంది. అది తెరుచుకుంటేనే పంపుకు నూనె అందుతుంది. మేస్త్రి వేలితో తోసి చూశాడు. కదల్లేదు. తుప్పు పట్టి, మూసుకున్న చోటే బిగుసుకుపోయింది. పాపం పంపు నిక్షేపంగా తిరుగుతోంది. దాని నోటికి నూనె అందడం లేదు, అంతే.

“ఈ లిఫ్టు వాడి ఎన్నాళ్ళయిందన్నా?” ఇది ఆఖరి ప్రశ్న.

చిన్నాయన వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పడానికి ఆయనకు పెద్దగా ఏమీ లేదు. చేన్లు ఒక్కొక్కటే ప్లాట్లయ్యాక ట్రాక్టరుకు దుక్కి పని తగ్గింది, బాడుగ పని పెరిగింది. వెనక ట్రాలీ తగిలించి ఇటుకలు, ఇసుక, కంకర. మామూలు ట్రాలీకి లిఫ్టుతో పని లేదు. పీటీఓ లివరు న్యూట్రల్లో పెట్టేసి తిరగడమే. తను దున్నిన మళ్ళల్లోనే లేస్తున్న ఇళ్ళకు ఆ బండే ఇటుకలు మోసింది. చిన్నాయన తన ఒక్క చేను దుక్కికి కూడా రోటవేటర్ ఉన్న కొత్త బండిని బాడుగకు పిలిచేవాడు. ఈసారి అందరి పదునూ ఒక్కసారే రావడంతో ఆ బండి దొరకలేదు. అందుకే పాతదానికి గొర్రు తగిలించాడు.

అరిగిపోయి చెడింది కాదు, వాడక చెడింది. ఆ వాల్వు మీది తుప్పులో మా ఊరి సేద్యం ఎలా తగ్గిపోయిందో రాసి ఉంది. ఏ భాగమైతే నేలను శంకిస్తూ, నేలతో మాట్లాడుతూ పనిచెయ్యాలని ఫెర్గూసన్ అన్నేళ్ళు తంటాలు పడ్డాడో ఆ భాగమే మా దగ్గర పని లేక బిగుసుకుపోయింది. అయితే ఇది తెలుసుకోవడానికి మేస్త్రి ఏ ఊరి చరిత్రా అడగలేదు. ఒక అనుమానం నుంచి ఇంకో అనుమానానికి మెట్టు దిగుతూ పోతే దారి అక్కడికి తీసుకెళ్ళింది. యంత్రాన్ని నిజాయితీగా ప్రశ్నిస్తూ పోతే చివరకు మన జీవితం గురించే జవాబు వస్తుంది కాబోలు.

మరమ్మత్తు పెద్ద కథేమీ కాదు. లోపలంతా డీజిలుతో కడిగారు. జల్లెడ శుభ్రమైంది. వాల్వును డీజిల్లో నానబెట్టి, అటూ ఇటూ మెల్లగా ఆడిస్తూ వదులు చేశాడు. “ఉప్పు కాగితం పెట్టి రుద్దితే బిరీన పోతాది గదా” అని చిన్నాయన అంటే ఒప్పుకోలేదు. ఆ వాల్వుకూ దాని గూటికీ నడుమ ఖాళీ వెంట్రుకవాసి కూడా ఉండదు. ఒక్క గీత పడితే రేపు ఆ గీతలోంచే నూనె జారుతుంది. గేరు రాడ్డుకు కొత్త తొడుగు, మూతకు కొత్త ప్యాకింగు, సుమారు 30 లీటర్ల కొత్త నూనె. ఖర్చంటూ అయింది ఆ నూనెకే. స్టార్టు చేసి లివరు లాగితే ఈసారి ఇంజను గొంతు బొంగురుపోయింది. తొమ్మిది కర్రులూ మట్టి రాలుస్తూ పైకి లేచాయి.

మేస్త్రి అంతటితో చేతులు కడుక్కోలేదు. గొర్రు పైనే ఉంచి ఇంజను ఆపేశాడు. “కిందికి ఎవరూ పోవద్దండి” అని పిల్లల్ని దూరంగా తరిమి, గొర్రు ఎత్తును ఒక కర్రతో గుర్తుపెట్టి, టీ తాగుదాం రమ్మన్నాడు. తిరిగొచ్చేసరికి గొర్రు గుర్తుకు కొంచెం కిందికి దిగి ఉంది. చిన్నాయన మొహం వాడిపోయింది. “ఇంకా యాడో కారతా ఉంది మేస్త్రీ. విప్పినప్పుడే ఆ రింగులు కూడా మార్చేసి ఉంటే పోయేది.”

“ఆ మాత్రం దిగేది జబ్బు కాదన్నా, వయసు. బండి ఆపితే ఎట్లాగూ గొర్రు నేలకు దించే పెట్టాల గదా.”

అనుమానం ఎక్కడ మొదలుపెట్టాలో కొందరికైనా తెలుస్తుంది. ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్ళు అరుదు. మొదలుపెట్టాక అది మనల్ని వదలదు. ఇంకొంచెం విప్పు, ఇంకొకటి మార్చు అంటుంది. సామాన్ల అంగళ్ళు బతికేది దాని మీదే. “మార్చి చూద్దాం” అన్న మాట వినడానికి పనిమంతుడి మాటలా ఉంటుంది గాని, అది ప్రశ్న లేని అనుమానం. పంపు మార్చి చూశాక, రింగులు మార్చి చూశాక, వాల్వు వంతు వచ్చేసరికి బండి బాగైనా అసలు జబ్బేమిటో ఎవరికీ తెలియదు. తొడుగు చిరుగు అలాగే ఉంటుంది. వచ్చే వానకు కొత్త పంపు కూడా నీళ్ళే తాగుతుంది.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. వరస అంటే ఎప్పుడూ చవకదాంతో మొదలుపెట్టడం కాదు. గుండెలో నొప్పి అని వచ్చినవాణ్ణి గ్యాసేమో అని ఇంటికి పంపే వైద్యుడు వరస తెలిసినవాడు కాడు. అక్కడ ముందు ఘోరమైనదాన్నే అనుమానించి, కాదని తేల్చుకుని, తర్వాత మిగతావాటికి రావాలి. మా మేస్త్రి కూడా బండి విషయంలో చవకదాంతో మొదలుపెట్టాడు గాని, లేపిన గొర్రు కింద పిల్లలు దూరే విషయంలో మొదటి అనుమానమే ఘోరమైనది పెట్టుకున్నాడు. సొమ్ముకు ఒక వరస, ప్రాణానికి ఇంకో వరస. రెంటినీ కలిపేసేది భయం. విడదీసి చూడగలిగేది బుద్ధి.

ఆ పదునులోనే చేను దున్నారు, చెనక్కాయ పడింది. ఊళ్ళో మాత్రం ఆ బండికి పంపు మార్చారన్న మాటే నిలిచిపోయింది. చిన్నాయన కొన్నాళ్ళు కాదని చెప్పి చూసి విసిగి వదిలేశాడు. వాళ్ళనూ తప్పుపట్టలేం. పెద్ద కంగారుకు పెద్ద కారణమే ఉండాలని మనసు కోరుకుంటుంది. చిరిగిన రబ్బరు తొడుగు, వాడకుండా వదిలేసిన వాల్వు అంటే దానికి ఆనదు. మొన్న టీ అంగడి దగ్గర ఒకాయన ఆ పంపు ధర కూడా చెప్పాడు. రసీదు కళ్ళారా చూసినాడంట.